మీట మీద గంధం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కంప్యూటర్ మొండికేసినా ముందు నన్నే పిలుస్తారు. నేను వెళ్ళి ఒక్కసారి గుడ్లురిమితే చాలు, దారికొస్తుంది.

దసరా మర్నాడు చక్రపాణి నెట్ సెంటర్లో కంప్యూటర్ మాత్రం నా చూపుకు కూడా లొంగలేదు.

తెర మీద అక్షరాలు ఉన్నట్టుండి గుమ్మడికాయలంత అయ్యేవి. ఒక్క అక్షరమే తెరంతా పట్టి, మిగతా పేజీ గోడ అవతలికి పోయేది. చక్రపాణి మౌస్ చక్రం తిప్పితే అవే ఆవగింజలయ్యేవి.

అది కార్పొరేషన్ వాళ్ళ ఫిర్యాదు పేజీ. ఎల్బీ నగర్‌లో దశరథ నెట్ సెంటర్ బోర్డు ఫుట్‌పాత్ మీదికి వచ్చిందని, దాన్ని పీకించాలని చక్రపాణి పొద్దుటి నుంచి కూర్చుని రాశాడు.

దశరథ ఒకప్పుడు ఈయన దగ్గరే పనిచేశాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాడికి మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది చక్రపాణే. నేర్చుకుని, మెట్రో ఆఖరి స్టేషన్ దగ్గర సొంత కొట్టు తెరిచాడు.

వాడి కొట్టు మూతపడేదాకా గడ్డం గీయనని చక్రపాణి ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ గడ్డం ఎంత పెరిగిందంటే, ప్రింటర్లో కాగితంతోపాటు అదీ ఇరుక్కుంటే చాలాసార్లు నేనే బయటికి లాగాను.

రాయడం అయిపోయింది. ఎందుకైనా మంచిదని రాసినదాన్ని కాపీ చేసి పెట్టుకున్నాడు. అప్పటి నుంచే మొదలైంది ఈ గొడవ.

ఫిర్యాదు పంపే బటన్ కనబడదు. అక్షరాలు పెరిగితే అది తెర దాటి పోతుంది. తరిగితే చీమ తలకాయంత అయి మౌస్‌కు చిక్కదు.

"ఇది వాడి పనే. ఏదో వైరస్ పంపాడు," అన్నాడు చక్రపాణి పళ్ళు నూరుతూ.

బ్రౌజర్ మూసి తెరిచాడు. ఇంకో బ్రౌజర్ పెట్టి చూశాడు. అందులోనూ అదే వరస. తెరిచిన ప్రతిసారీ దశరథకు ఒక కొత్త తిట్టు.

అప్పుడు వానలో తడుస్తూ ఒకామె వచ్చింది. చేతిలో సంచి. పలకరించడానికి సందు దొరక్క, నిలబడి ఆయన తంటాలు చూసింది.

"అన్నా, గా మూలకున్న మీట జర తడిబట్టతోని తుడువు. గంధం ఎండి పట్టుకున్నట్టుంది. పోయిన పండుగకు మా తాన గూడ గిట్లనే అయింది. బొట్టు పెట్టింది నేనే, తిట్లు తిన్నది నేనే."

దసరా పూజలో చక్రపాణి కీబోర్డులో ఏ మీటనూ చిన్నబుచ్చలేదు. అన్నిటికీ దట్టంగా గంధం పెట్టి, కుంకుమ అద్దాడు.

"మీ దగ్గరంటే ఎక్కడమ్మా?"

"ఎల్బీ నగర్. దశరథ పంపిండు. మీతోని ఒక మాట..."

చక్రపాణి ఆ మాట బయటికి రానివ్వలేదు.

"అదీ సంగతి. చెడగొట్టింది వాడు, నేను ఏడుస్తున్నానో లేదో చూసి రమ్మని నిన్ను పంపాడు. వాడి బోర్డు నేల మీద పడేదాకా నాకు నిద్ర లేదని చెప్పు. నడువు."

"ఒక్క మాట ఇను సారూ."

"వింటే నా గడ్డం నవ్వుతుంది. నడువమ్మా బయటికి."

వాన తగ్గేదాకా గుమ్మంలో నిలబడతానని అడిగింది. షట్టర్ సగం దించాడు. ఆమె సంచిని కొంగు కింద దాచుకుని వానలోకి వెళ్ళిపోయింది. సంచిలో ఏదో గలగలమంది.

ఇంతకీ నన్ను పిలుస్తారని చెప్పాను కదా. పిలిచేది నిజమే. ఫ్యాను కింద కుర్చీ ఖాళీ చేయమని పిలుస్తారు. కంప్యూటర్ మూలన మీట ఒకటుందని నాకు తెలిసిందే ఆ రోజు.

ఆ కుర్చీ లాక్కుని చక్రపాణి తడిబట్ట అందుకున్నాడు. కంట్రోల్ మీట కిందికి దిగి, గంధంలో అతుక్కుపోయి ఉంది. కాపీ చేయడానికి నొక్కింది అదే. అది నొక్కి ఉండగా మౌస్ చక్రం తిప్పితే పేజీ పెరుగుతుంది, తరుగుతుంది. ఊరందరికీ ఆ సంగతి నేర్పినవాడే ఆయన. కాకపోతే ఆ రోజు ఆయన కళ్ళు మీటల మీద లేవు, ఎల్బీ నగర్ మీద ఉన్నాయి.

తుడవగానే మీట టక్కున లేచింది. పేజీ బుద్ధిగా కుదురుకుంది. ఆమె చెప్పిన ఉపాయంతోనే, ఆమె వచ్చిన కొట్టు మీద ఫిర్యాదు పంపాడు.

కొద్ది రోజులకే బోర్డు పీకేశారని కబురొచ్చింది. చక్రపాణి గడ్డం గీయించుకుని మెట్రో ఎక్కాడు. ఎదురుగా నిలబడి నవ్వాలట. నవ్వడానికి తోడుగా నన్నూ తీసుకెళ్ళాడు.

దశరథ కొట్టులో కంప్యూటర్లు లేవు. సాయినాథ్ అనే అతను చెప్పులు సర్దుతున్నాడు.

చక్రపాణి తనెవరో చెప్పకుండా దశరథ ఏడని అడిగాడు.

"నడుము పోయిందన్నా. కూసొని చేసే పని ఇగ కాదని ఊరికి పోయిండు. దుకాణం తనకు పని నేర్పిన సారుకే ఇయ్యాలని ఆయన పట్టు. ఆయన భార్య సైదమ్మక్క తాళాలు పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ గూడ పోయొచ్చింది."

"పోతే?"

"సారు దొరకలేదన్నది పాపం. ఊరికి పోయే బస్సు టైమైతుంటే తాళాలు నాకిచ్చింది."

చక్రపాణి నవ్వడానికి తెచ్చుకున్న మొహం అలాగే ఉండిపోయింది.

పీకేసిన బోర్డు గోడ పక్కన బోర్లా పడి ఉంది. కాలితో తిరగేశాడు. దశరథ ఊరెళ్ళే ముందు పాతదాని చోట రాయించి పెట్టిన కొత్త బోర్డు, రంగు ఇంకా మెరుస్తోంది: చక్రపాణి నెట్ సెంటర్.

గడ్డం ప్రింటర్లో ఇరుక్కున్నమాట నిజమే, నమ్మండి. నేను కల్పించింది వాన ఒక్కటే. ఆ రోజు ఎండ ఫెళ్ళుమని కాసింది. నన్ను కుర్చీలోంచి లేపినందుకు, చక్రపాణి మీద మీకూ ఇంకాస్త కోపం రావాలని నేనే కురిపించాను.