బారువ నూకయ్య

సుచరిత మూడు రోజులుగా ఒక పేరు కోసం వెతుకుతోంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు. దాని వెనక పాత రికార్డుల గది. ఎప్పుడో ఓడల్లో వచ్చి దిగిన కూలీల పేర్లు అక్కడి రిజిస్టర్లలో ఉన్నాయి.

ముత్తాత పేరు దొరికితే, ఆయన కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబమని సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటేనే టీచరు ఉద్యోగం. శుక్రవారంలోగా ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇవ్వాలి. ఇవాళ బుధవారం.

“ఎవుల కోసం ఎతుకుతన్నావమ్మా?”

తలెత్తి చూసింది. కిటికీ పక్కన కూర్చునే ముసలాయన. గదిలోకి ఎవరొచ్చినా పక్కకు చేరి ఏదో ఒకటి అడుగుతుంటాడు.

“మా ముత్తాత. నూకయ్య,” అంది ముక్తసరిగా.

“ఊరేటి?”

“లంబాలైన్.”

“నీ ఊరు కాదమ్మా. ఆయన ఏ ఊర్నుంచి ఓడెక్కినాడు?”

“బారువ. శ్రీకాకుళం వైపు.”

ముసలాయన ముఖం విప్పారింది.

“అయితే ఎన్ కాడ కాదు, బీ కాడ సూడు. మన పేర్లు మనోళ్ళు రాయలేదు కదా! రాసినోడి సెవికి ఏది తగిల్తే అదే…”

ఆఫీసుల దగ్గర దళారులుంటారు, జాగ్రత్త అని నాన్న చెప్పి పంపిన మాట ఆమెకు గుర్తొచ్చింది.

“అంకుల్, నాకు దళారులెవరూ వద్దు. నా పని నేను చేసుకుంటాను.”

మాట కాస్త గట్టిగానే వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు.

ముసలాయన మెల్లగా లేచి తన చోటికి వెళ్ళిపోయాడు.

మరునాడు ఆయన రాలేదు.

మధ్యాహ్నం దాటేసరికి ఎన్ అక్షరం కింద ఉన్న పేర్లన్నీ అయిపోయాయి. నూకయ్య లేడు.

“దీదీ, చార్ బజే తాళం వేసేస్తాం,” అన్నాడు అటెండరు గోపీచంద్.

ఇంకేం చెయ్యాలో తోచక బీ తీసింది. ఆ పేజీలు మొదటిరోజే పైపైన తిరగేసింది. బారువా అని కనిపిస్తే బెంగాలీల ఇంటిపేరు అనుకుని వదిలేసింది.

నాలుగో పేజీలో వేలు ఆగిపోయింది.

‘బారువా నూకా. వయసు పందొమ్మిది. పని: అడవిలో దుంగలు లాగడం. వెంట తెచ్చుకున్నవి: ఒక దుప్పటి, ఒక చేపల వల.’

రాసినవాడు ఊరి పేరునే ఇంటిపేరు చేసేశాడు.

సుచరిత ఆ వరుసను మళ్ళీ మళ్ళీ చదివింది. దుంగలు లాగడానికి రమ్మంటే వల తెచ్చుకున్నాడు! పాపం, చుట్టూ సముద్రమే కదా, వేట దొరక్కపోతుందా అనుకున్నాడేమో.

కళ్ళు తుడుచుకుని కిటికీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

సర్టిఫికెట్ చేతికి రావడానికి నెల పట్టింది. వచ్చిన రోజే స్వీట్ల పెట్టె పట్టుకుని రికార్డుల గదికి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చునే ముసలాయన ఏరని అడిగింది.

“గవరయ్య దాదానా?” అన్నాడు గోపీచంద్. “నువ్వొచ్చిన వారమే ఆసుపత్రిలో చేరాడు దీదీ. మళ్ళీ ఇటు రాలేదు. ఇల్లు డెయిరీ ఫార్మ్ ఏరియాలో, ఆ పెద్ద వాటర్ ట్యాంక్ వెనక గల్లీ.”

దారి పొడుగునా ఆమె క్షమించమని అడిగే మాటలే కూర్చుకుంది. ఎలా మొదలుపెట్టాలో ఎంతకీ తేలలేదు.

తలుపు తీసి ఉంది. ఎదురుగా గోడకు ఆయన ఫొటో. ఫొటోకు దండ.

“మీరూ ఆ గదిలో మా నాన్నని కలిసినోళ్ళేనా? రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. బైఠో బేటీ,” అంది ఆయన కూతురు కనకలక్ష్మి. “పది రోజులైంది.”

సుచరిత కూర్చోలేకపోయింది.

“నేను ఆయన్ని ఒక మాట అన్నానండీ. అనకూడని మాట.”

“నాతో ఏం చెప్పలేదే! ఏ ఊరివాళ్ళు మీరు?”

“బారువ.”

“నువ్వేనా! బారువ నూకయ్య మునిమనవరాలు వచ్చిందని సంబరంగా చెప్పాడు. ఆ పేజీ తనకి తెలుసంట.”

సుచరిత చేతిలోని స్వీట్ల పెట్టెను ఓ పక్కన పెట్టేసింది.

బల్లమీద మరణ ధ్రువపత్రం ఫారం ఉంది. ఆ ఇంగ్లీషు తనకు అర్థం కావడం లేదని కనకలక్ష్మి అంటే, సుచరిత పెన్ను అందుకుంది. ఆయనకోసం ఈ పనైనా చేయగలిగినందుకు మనసు కాస్త కుదుటపడింది.

“వయసు?”

“డెబ్బై అని రాసెయ్. పక్కాగా మాకూ తెలీదు.”

“ఉద్యోగం? ఆ ఆఫీసులోనే కదా?”

“ఆఫీసా! జెట్టీలో ఓడల సామాను మోసేవాడు. మోసే ఓపిక తగ్గాక మా అమ్మాయి పలకమీద ఏబీసీడీలు నేర్చుకుని ఆ గదికి పోవడం మొదలెట్టాడు. జీతమూ లేదు, ఏమీ లేదు.”

“మరి రోజూ అక్కడికి ఎందుకు…” అనబోయి సుచరిత ఆగింది. ముందు ఫారం పూర్తి చేద్దామనుకుంది.

“తండ్రి పేరు?”

కనకలక్ష్మి ఫొటో వైపు చూసింది.

“కూలీల క్యాంపులో ఏడుస్తూ దొరికిన రెండేళ్ళ పిల్లాడంట. గవరమ్మని ఒకావిడ సాకి, తన పేరే పెట్టింది,” అంది. “పసిబిడ్డను వెంట తెచ్చుకున్న ఆ తండ్రి పేరు ఎక్కడైనా కనబడుతుందేమోననే కదా బేటీ, పద్దెనిమిదేళ్ళపాటు మా నాన్న ఆ రిజిస్టర్లన్నీ చదివింది!”