ఏడో తరగతిలోనే

ఉద్యోగం చేసే ప్రతి ఆడమనిషీ జూన్ నెలాఖరులోగా తన అయిదేళ్ల లక్ష్యాన్ని 'సారథి'కి చెప్పాలి. సర్కారు ఇచ్చిన, చీర భుజానికి పెట్టుకునే చిన్న మాట్లాడే గుండీ అది. ఆఖరి రోజు మధ్యాహ్నం, స్టాఫ్ రూములో నేను అన్నం డబ్బా తెరిచేసరికి మళ్లీ అడిగింది.

"ఏడో తరగతికి లెక్కలు చెబుతూ ఉండాలి," అన్నాను.

"ఉన్నచోటే ఉండటం లక్ష్యం కాదు, హైమవతి గారూ."

నీళ్లు తెచ్చిన ఆయా యాదమ్మ నవ్వింది. "ఏదో ఒకటి చెప్పి పారెయ్యున్రి మేడం. మా కోడలు రోడ్లూడుస్తది. దానిగ్గూడ లీడర్ గమ్మని ఒకటే పోరు. చీపురుకు లీడరయితదా?"

నాకు నవ్వు రాలేదు. వేసవి సెలవుల్లో మా అమ్మాయి సుమేధ జ్వరంతో పోయింది. ఏడో తరగతి పిల్లలంతా దాని స్నేహితులే. హాజరు పిలిచేటప్పుడు దాని పేరు ఉండాల్సిన చోట నేను ఆగితే, వాళ్లూ కదలకుండా కూర్చుంటారు. ఆ కాసేపటి కోసమే నేను బడికి వస్తున్నాను.

"దయచేసి అదే రాసుకో. నాకు ఇంకేమీ వద్దు."

"మీ గొంతులో నిశ్చయం లేదు. దుఃఖాన్ని దాటి ముందుకు చూడండి."

నేను లేచి నిలబడ్డాను. "వాళ్ల దగ్గర నుంచి నన్ను కదపడానికి వీల్లేదు!" అని అరిచాను. యాదమ్మ చేతిలో నీళ్లు ఒలికాయి.

"అభినందనలు," అంది సారథి. "నాయకత్వ స్వరం నూటికి తొంభై నాలుగు. మిమ్మల్ని జిల్లా కార్యాలయంలో అధికారిగా నియమించాం. రేపటి నుంచి ఏడో తరగతికి వేరే టీచరు వస్తారు."

ఇంకా రెండు పీరియడ్లు మిగిలి ఉన్నాయి. గంట కొట్టకముందే తరగతికి పరుగెత్తాను.