రఖియా గిన్నె

"ఆడవాళ్ల గదిలో నీకేం పని హద్దూ?" అంది గోరింటాకు పెట్టే తమూ.

హద్దూ చనిపోయిన భార్య రఖియా మట్టిగిన్నెను పెళ్లికూతురి ముందు పెట్టాడు. "గోరింటాకు నారింజపూల నీళ్లతో ఇందులోనే కలుపు తమూ. కాపురంలో సుఖపడిన చెయ్యే కలపాలంటారుగా! ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ రఖియానేగా కలిపింది. ఆ చెయ్యి లేకపోయినా ఆమె గిన్నె ఉందిగా."

"ఆ గిన్నె వద్దు నాన్నా," అంది పెళ్లికూతురు ఇజ్జా.

"ఏం, పాతదనా?"

"అమ్మే వద్దంది, పోయేముందు. 'అందరికీ అబద్ధమాడి కలిపాను. నువ్వు మాత్రం నిజంగా సుఖపడినదాని చేత కలిపించుకో' అంది."

హద్దూ నవ్వబోయాడు. "విన్నావా తమూ, దీని వేళాకోళం?"

తమూ తలెత్తలేదు. "పక్కింటి గిన్నె తెప్పిస్తాలే."

గదిలో ఆడవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. గిన్నె తీసుకుని వెళ్లేందుకు అతనికి దారిచ్చారు.