ఆదరణ ఉత్తరం

“‘పెర్ఫెర్’ అంటే ఏమిటే?”

“ఓర్చుకో అని. పోయిన నెల ఉత్తరంలోనూ వచ్చిందిగా! నువ్వు మాత్రం పదాలు వల్లెవేయవు, నన్ను వేయమంటావు.”

కూతురు దెప్పిపొడుస్తుంటే తల్లి తరువాతి మాట మీద వేలు పెట్టింది. భోజనాల బల్ల మీద లాటిన్ నిఘంటువు, దాని పక్కన టైపు చేసిన ఉత్తరం, దాని కింద పూర్తిచేసిన బడి దరఖాస్తు ఉన్నాయి. దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు. గడియారం రెండుంబావు చూపుతున్నది.

నాలుగేళ్ళుగా ఆ బల్లే బడి. తల్లి పిల్ల కన్నా ఒక్క పాఠం ముందుంటే చాలునని మొదట్లో అందరూ ధైర్యం చెప్పారు. ఇప్పుడు పన్నెండేళ్ళ పిల్ల ఆమె కన్నా నాలుగు పాఠాలు ముందున్నది. తప్పు నేర్పుతున్నానేమోనన్న భయంతోనే ఆమెకు ప్రతిరోజూ తెల్లవారేది. ఉన్నవి రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురుగా బడి ప్రహరీ, విరామపు గంట, పిల్లల కేకలు. అందుచేత ఆ కిటికీ తెరవడమే మానుకున్నది. కళ్ళద్దాలు అరగదీసే పనిలో ఉన్న భర్త, “నీకెలా తోస్తే అలా” అని పొద్దున్నే చేతులు దులుపుకొని వెళ్ళిపోయాడు.

“అమ్మా, నిజం చెప్పు. ఇవాళ వెళ్ళి ఇస్తావా, ఇవ్వవా?”

“ముందు ఉత్తరం చదవనీ.”

“చదివావంటే ఇక ఇవ్వవు. జనవరిలోనూ ఇంతే, మార్చిలోనూ ఇంతే. ఉత్తరం రాగానే చల్లబడిపోతావు.”

ఆ ఉత్తరాలకు ఒక పద్ధతి ఉన్నది. ప్రభువు మీద భారం వేసి, పిల్లలకు ఇంటివద్దనే ప్రాచీన భాషలతో చదువు చెప్పుకొనే ఆరు కుటుంబాల బృందం వారిది. ఊరికొకరుగా చెదిరి ఉన్నారు, ఏడాదికొక్కసారి కలుస్తారు. ఈ ఏడు ఇంకా కలవలేదు. పెద్దదిక్కు ఒక విశ్రాంత లాటిన్ ఉపాధ్యాయిని. ఆమెను అందరూ అమ్మగారంటారు. ప్రతి తల్లీ నెలకొకసారి మరొక తల్లికోసం పేరు లేని ఆదరణ ఉత్తరం రాసి అమ్మగారికి పంపాలి. ఆమె దానిని లాటిన్‌లోకి మార్చి, టైపు చేసి, ఏదో ఒక ఇంటికి చేరవేస్తారు. చదువు చెప్పేవారికి నిఘంటువు తీసే అలవాటు తప్పకూడదనీ, రాసినవారెవరో చదివినవారికి తెలియకూడదనీ ఆమె ఉద్దేశం.

తల్లి ఒక్క నెలా తప్పలేదు. బట్టలుతికే యంత్రం తిరుగుతూ ఉండగా దాని మూత మీదే కాగితం పెట్టి నాలుగు వాక్యాలు గిలికి, మరుక్షణమే మరచిపోయేది. వాటిలో ఒక్కటీ ఆమె నమ్మి రాసినది కాదు.

“ఇలా ఇవ్వు, నేను చెబుతా. నువ్వు చేస్తే నాలుగు దాటిపోతుంది,” అని పిల్ల ఉత్తరం లాక్కున్నది. వేలితో ఒక్కొక్క మాటా దాటుతూ చదివింది. “‘సోదరీ, ఓర్చుకో. ఆ బిడ్డను నీ చేతికి అప్పగించినవాడు నీ తెలివి చూసి అప్పగించలేదు. నీకు తెలియనిదంతా ఆయనకు ముందే తెలుసు. తలుపు వైపు చూడకు.’ అయిపోయింది.”

తల్లి కళ్ళు అప్పటికే తలుపు మీద ఉన్నాయి.

“తలుపు వైపు చూడకూడదట,” అన్నది పిల్ల. “ఈవిడెవరో మనింట్లో కూర్చుని రాసినట్టుందే!”

“నమ్మి రాసిందే. నమ్మకుండా ఇలాంటి మాట రాదు.”

“నీకెలా తెలుసు?”

“తెలుస్తుందిలే.”

తన ఉత్తరాలు గుర్తుకు వచ్చి ఆమెకు సిగ్గు వేసింది. ఎక్కడో ఒక తల్లి ఇంతే అలసిపోయి కూడా అంత నిబ్బరంగా నిలబడగలిగితే, తనకు సాకేమిటి? దరఖాస్తు పైకి తీసింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపింది.

పిల్ల ఏడవలేదు. ముక్కల వైపు చూసి, గ్రీకు పుస్తకం తెరిచింది.

“పదిహేడో పాఠం,” అన్నది. “నీకు పదమూడే అయింది కదమ్మా. నువ్వు వచ్చేదాకా ఆగనా?”

నాలుగింటికి ప్రహరీ అవతల గంట మోగింది. తల్లి వంటగదిలోకి వెళ్ళి అమ్మగారికి ఫోను చేసింది.

“వందనాలండీ, అమ్మగారూ. ఈ నెల ఉత్తరం రాసినావిడకి నా తరఫున ఒక మాట చెప్పాలి. ఆవిడే లేకపోతే ఇవాళ పాపని బళ్ళో చేర్చేసేదాన్ని.”

“చేర్చలేదా?”

“లేదండీ, దరఖాస్తు చింపేశాను. ఆవిడ పేరు అడగను, పద్ధతి తెలుసుగా. ఆవిడ ఇంకా ఇంట్లోనే చదువు చెబుతోందా? అంతే చెప్పండి.”

“చెబుతోందమ్మా.”

“మానేస్తానని ఎప్పుడూ అనలేదా?”

“నాతో అనలేదు. ఒక్కసారి అని ఉంటే ఎంత బాగుండేది!”

“అదేంటండీ అలా అంటారు?”

అమ్మగారు గొంతు సవరించుకున్నారు. “నీకెలా చెప్పాలో తెలియక దాచాను. మిగతావాళ్ళంతా ఒక్కొక్కరే పిల్లల్ని బళ్ళలో వేసేశారు. తొమ్మిది నెలలుగా నాకు ఉత్తరాలొచ్చేది ఒక్క ఇంటి నుంచే. ఏ తల్లికీ ఉత్తరం లేని నెల ఉండదని మాటిచ్చానాయె. వచ్చినవాటినే లాటిన్‌లోకి మార్చి పంపుతున్నాను.”

“ఎవరింటి నుంచండీ?”

“మీ ఇంటి నుంచేనమ్మా.”