వాల్‌కొంబ్ జలపాతం మీద నాలుగు వాక్యాలు

“‘కారుతున్న కొళాయికి జలపాతమని పేరు పెట్టుకున్న ఊరు.’ ఇది రాసింది నువ్వేనా?”

ఆన్సెల్మ్ కాఫీ కప్పులోంచి తలెత్తాడు. ఎదురుగా డెబ్బై ఏళ్లావిడ. కాళ్లకి బురద బూట్లు, చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెర, చంకలో గైడు పుస్తకం. ఆర్దెష్ ప్రాంతంలో చూడదగ్గ కొండల, తోటల గురించి అతను రాసిందే.

“నేనేనండీ. సంతకం కావాలా?”

“సంతకమా! నీ మొహానికి అదొక్కటే తక్కువ.” ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “నా పేరు ఒనొరీన్. జలపాతం పక్కనున్న మెట్ల తోట నాది. ‘అక్కడి ఐరిస్ పూలు సంతాపసభకి వచ్చినవాళ్లలా నిలబడతాయి’ అన్నావే, ఆ తోట.”

కౌంటరు వెనక కాఫీ హోటలు యజమాని ఫిర్మాన్ గ్లాసులు తుడవడం ఆపేశాడు. కిటికీ దగ్గర పేకాడుతున్న ముసలివాళ్లు ముక్కలు బోర్లించి ఇటు తిరిగారు.

ఆన్సెల్మ్‌కి ఇది కొత్త కాదు. ఏ ఊరిని వెక్కిరించినా ఆ ఊరివాళ్లెవరో ఒకరు ఇలా మీద పడతారు. ఆ వెక్కిరింతల కోసమే పాఠకులు అతని గైడు కొంటారు.

“చూడండి మామ్మగారూ, నచ్చితే నచ్చిందంటాను. మోంబ్రాక్ ఊరిని పొగిడానా లేదా? ఇప్పుడక్కడ కారు ఆపడానికి చోటు లేదు. రొట్టెలవాడు రొట్టెలు మానేసి లావెండర్ సబ్బులమ్ముతున్నాడు!”

“తెలుసు. మా చెల్లెలు అక్కడే ఉండేది.”

“మరింకేం! ఇల్లు మంచి ధరకే పోయుంటుంది.”

“పోయింది,” అంది ఒనొరీన్ ముక్తసరిగా. “అది సరే, అసలు మా జలపాతం దాకా దిగావా అప్పుడు?”

“పైనుంచి చూశాను.”

“పైనుంచి! అందుకే అలా ఏడిచింది నీ రాత. నాలుగంటే నాలుగు వాక్యాలు! దాన్ని తిట్టడమంటారా? మా మేకకి పెన్నిచ్చినా అంతకన్నా బాగా తిడుతుంది.”

పేకాటవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆన్సెల్మ్ చెవులు ఎర్రబడ్డాయి.

“నీ పుస్తకం వచ్చాక ఇక్కడేమైందో తెలుసా?”

“ఊహించగలను.”

“ఊహించగలడట!” ఒనొరీన్ అందరివైపూ తిరిగి పెదవి విరిచింది. “పారిస్ బుర్ర కదా, అన్నీ ఊహిస్తుంది!”

ఇంకో రోజైతే ఆన్సెల్మ్ ఈ మాటకి పదిమాటలు అప్పజెప్పేవాడే. కానీ కొత్త ముద్రణ కోసం ఆ పొద్దున్నే అతను జలపాతం దాకా దిగాడు. ఇంకో నాలుగు చురకలు దొరక్కపోతాయా అనుకున్నాడు. చెస్ట్‌నట్ చెట్ల నీడలోంచి బయటికొచ్చేసరికి తెల్లటి రాతి మీద నీళ్లు దూకుతున్నాయి. పక్కన రాతి గట్ల మెట్లమీద వరసలు వరసలుగా ఊదారంగు పూలు. తడి బండమీద కూర్చుని ఎంత వెతుక్కున్నా ఒక్క ఎకసెక్కం మాట తట్టలేదు. వెటకారం మీద బతికేవాడికి అంతకన్నా భయం ఇంకేముంటుంది? లాగు తడిసి ముద్దయ్యేదాకా అక్కడే కూర్చుండిపోయాడు.

“మామ్మగారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇవాళ దిగి చూశాను. బుద్ధి తక్కువై అలా రాశాను. కొత్త గైడు త్వరలో అచ్చుకెళ్తుంది. మొదటి పేజీలో మీ జలపాతమే. అట్టమీద మీ తోట ఫోటో. మొత్తం ఆర్దెష్‌లో ఇంత అందమైన చోటు లేదని రాస్తాను. సరేనా?”

చప్పట్లు కొడతారనుకున్నాడు. కానీ ఫిర్మాన్ మొహం పాలిపోయింది. పేకాటవాళ్లలో ఒకాయన “దేవుడా!” అని టోపీ తీసేశాడు.

ఒనొరీన్ కత్తెర బల్లమీద పెట్టేసింది. ఇందాకటి పొగరంతా ఎటు పోయిందో, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని బతిమాలింది.

“అంత తిట్టినా టూరిస్టు బస్సులు వచ్చాయి బాబూ, ఈసారి ఇంకా ఘాటుగా తిట్టు.”