హాజీగారి తెల్ల ఆంబోతు

"ఆ మేకపిల్లకు నా ఆంబోతు కావలసి వచ్చిందా?" అంటూ హాజీ రహ్హో టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

గేటు ముందు యెజ్జా నిలబడి ఉంది. ఒక చేత్తో పొట్టేలు కొమ్ము పట్టుకుని ఉంది. పొద్దుటి నుంచి ఆమె పెరట్లో ఎదకు వచ్చిన పెయ్య అరుపు వాగు ఇవతలికి కూడా వినిపిస్తూనే ఉంది. భర్త పోయాక ఆమెకు మిగిలిన గొడ్డూ గోదా అంతా ఆ ఒక్క గోధుమరంగు పెయ్యే. అది చూలు కట్టి, క్షేమంగా ఈనితేనే ఆ ఇంట్లో పాలు, వెన్న.

"హాజీ, నేను వచ్చింది..."

"చెప్పక్కర్లేదు. ఈ ఉల్మెస్ కొండ మీద ఆవున్న ప్రతివాడూ ఈ గేటు దగ్గరికే వస్తున్నాడు." చాప మీద కూర్చుని టీ తాగుతున్న ఇద్దరు రైతుల వైపు హాజీ చెయ్యి చూపించాడు. వాళ్ల ఆవులు గోడ పక్కన కట్టేసి ఉన్నాయి. "వీళ్లను చూడు. చీకటితోనే బయలుదేరి వచ్చారు. వీళ్లవీ ఆవులంటే. నీదేమిటి? కొమ్ములు మొలిచిన ఎలుక!"

రైతులు పడిపడి నవ్వారు. తమ ఆవులదీ ఆ జాతే అన్న సంగతి వాళ్లకు ఆ క్షణాన గుర్తు వచ్చినట్టు లేదు.

"అది మన జాయెర్ జాతేగా హాజీ? మీ నాన్న పెంచిందీ ఆ గొడ్లనేగా?" అంది యెజ్జా.

"మా నాన్న గాడిదెక్కి సంతకు వెళ్లేవాడు. నన్నూ వెళ్లమంటావా?"

ఈసారి టీ తాగుతున్న రైతు ఒకడికి పొలమారింది. హాజీకి హుషారు పెరిగింది.

"గుప్పెడు గడ్డి తిని గుప్పెడు మాంసం పెట్టే జాతి అది. నా ఆంబోతు ఫ్రాన్సు నుంచి వచ్చింది. దానికి పుట్టిన సంకర దూడ ఏడాది తిరక్కుండానే మీ ముసలి ఎద్దంత అవుతుంది. కసాయివాళ్లు దాన్ని సంతదాకా రానివ్వరు, దారిలోనే ఎగరేసుకుపోతారు. అలాంటిది నీ పెయ్య మీద కాలేస్తే ఏమవుతుంది? రొట్టెలా నేలకు పరుచుకుపోతుంది! దాని నడుం గురించి కాదులే నా బెంగ. నా ఆంబోతు పరువు ఏం కావాలి?"

"అది కాదు హాజీ, ఒక్క మాట వినండి."

"వినేదేం లేదు. నీ పెయ్యకు ఏ మేకపోతునో చూసుకో. పో, పో!"

యెజ్జా వెళ్లలేదు. పొట్టేలును గడప ముందు పడుకోబెట్టి మోకాలితో అదిమింది. శాలువా లోపలి నుంచి కత్తి తీసింది.

"నా ఆర్ మీ మీద, హాజీ!" అంది గట్టిగా.

ఇలా గడప ముందు జీవాన్ని కోసి ఆర్ అనే ఒట్టు వేసి అడిగినవాళ్లను ఆ కొండల్లో ఎవరూ కాదనరు. కాదన్న ఇల్లు నిలవదని భయం. నెత్తురు చిందించి మనిషిని లొంగదీయడం దేవుడు మెచ్చుతాడా అని మసీదులో మతబోధ చేసే ఫకీహ్ ప్రతి ఏడూ అడుగుతూనే ఉంటాడు. ఆయన గడప ముందే ఎవరైనా కత్తి తీస్తే ఆయనేం చేస్తాడో మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

రైతులు నవ్వు మాని లేచి నిలబడ్డారు. హాజీ ముఖంలో రంగు పోయింది.

"ఆగు! కత్తి దించు! నా గడప మీద నెత్తురు పడకూడదు!"

"అడిగింది ఇస్తారా?"

"ఇస్తానంటున్నాగా!"

"అందరూ వినేలా అనండి."

"అల్లా మీద ఒట్టు! నువ్వు దేనికోసం వచ్చావో అది జరుగుతుంది. వీళ్లిద్దరూ సాక్షులు. చాలా?" హాజీ చెమట తుడుచుకున్నాడు. యెజ్జా కత్తి దించేసరికి ఆయనకు ప్రాణం లేచి వచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది. "ఒరే హమ్మూ!" అని పాలేరును కేకేశాడు. "ఆంబోతును బయటికి తోలరా. రాణీగారి ఎలుకకు పెళ్లి చేద్దాం."

రైతులకు మళ్లీ నవ్వు వచ్చింది. పొట్టేలు లేచి ఒళ్లు దులుపుకుంది. యెజ్జా కత్తిని శాలువాలో దోపుకుని గేటుకు అడ్డంగా నిలబడింది.

"బయటికి కాదు హాజీ, లోపలే కట్టేయించండి. నా పెయ్యను మన జాతి కోడెకు దాటించుకుని వచ్చేదాకా అది ఈ గేటు బయట కాలు పెట్టకూడదు. కిందటేడు నా కంచె విరగదొక్కి వచ్చి దీని అక్క మీద పడింది. దాని దూడను ఈనలేక ఆ పెయ్య నా ఒళ్లో తల పెట్టుకుని చచ్చింది."