ఉర్దూ పీరియడ్

"ఉర్దూకొకరు, తెలుగుకొకరు అంటే ఇంక కుదరదమ్మా. వచ్చే ఏడాది ఇద్దరిలో ఒక్కరే," అన్నాడు ప్రిన్సిపాల్ రామాంజులు.

సుభాషిణి చేతిలోని రిజిస్టర్ మూసేసింది. ఈ అరబ్బు దేశంలో, అజీజియాలోని ఆ చిన్న ఇండియన్ హైస్కూల్లో తెలుగు చెప్పేది తను. ఉర్దూ చెప్పేది ఫక్రున్నీసా.

"ఎవరు సర్ ఆ ఒక్కరూ?"

"పిల్లలు ఎక్కువమంది ఏ భాష తీసుకుంటే అది ఉంటాది. రెండోది తీసేద్దాం. టైంటేబుల్ ఎప్పట్లాగే నువ్వే వెయ్. అది గోడకెక్కినాక పిల్లల్ని అడుగుదాం. ఇస్లామిక్ స్టడీస్ పీరియడ్ మాత్రం కదిలించొద్దు. అది సర్కారు పెట్టింది."

తెలుగుకు తొమ్మిది మంది. ఉర్దూకు పదహారు. ఇంక అడిగేదేముంది? లుసైల్‌లో కంపెనీ పని ఎత్తేశాక మొగుడు నితీష్ ఇంట్లోనే కూర్చున్నాడు. తన ఉద్యోగం కూడా పోతే పాపతో సహా ముగ్గురూ సామాను సర్దుకుని విమానం ఎక్కాల్సిందే.

మధ్యాహ్నం సుభాషిణి రోజూలాగే ఫక్రున్నీసా కార్లో నజ్మాలోని ఇంటికి బయల్దేరింది.

"సార్ నాకు గూడ చెప్పిండు," అంది ఫక్రున్నీసా స్టీరింగ్ తిప్పుతూ. "ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్ళకైతది. టైంటేబుల్ నీ చేతిల ఉంది గద చెల్లె, నాకేం రంది లేదు."

"అంతేగా అక్కా," అంది సుభాషిణి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంటికెళ్ళి గళ్ళు గీసుకుని కూర్చుంది. టీ చల్లారకముందే దారి దొరికింది. ఉర్దూ చదివే పదహారు మందీ ముస్లిం పిల్లలే. ఇస్లామిక్ స్టడీస్ క్లాసులో వాళ్ళు కూర్చుని తీరాలి. సరిగ్గా ఆ పీరియడ్‌లోనే ఉర్దూ వేసేసింది. తెలుగును పొద్దున రెండో పీరియడ్‌లో పెట్టింది, పిల్లలు హుషారుగా ఉండే వేళకి.

టైంటేబుల్ గోడకెక్కిన రోజు ఫక్రున్నీసా దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత స్టాఫ్‌రూంలోకి వచ్చింది.

"ఇదేంది చెల్లె? పిల్లలు ఒక్క టైంల రెండు క్లాసులల్ల ఎట్ల కూసుంటరు?"

"వేరే ఖాళీ లేదక్కా. ల్యాబు, ఆటలు, బస్సుల టైము, అన్నీ చూసుకునే వేశాను."

"గురువారం ఆఖరి పీరియడ్ ఖాళీగనే ఉంటుండె గద."

"అది డ్రాయింగ్‌కి ఇచ్చేశాను."

"డ్రాయింగ్‌కా?" ఫక్రున్నీసా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించింది. "మా బిడ్డ నూరైన్‌ది తొమ్మిది అయిపాయె. ఒక్క యేడు ఆగితే దాని పదో తరగతి గట్టెక్కుతది. నడుమల ఊరికి తోలుకపోతే పిల్ల ఆగమైతది. జర మార్చు."

సుభాషిణి పెన్ను మూత పెట్టింది. "నూరైన్‌ని తెలుగు తీసుకోమనక్కా. నా క్లాసేగా, దగ్గరుండి చూసుకుంటాను."

ఫక్రున్నీసా ఆమె మొహంలోకి చూసింది.

"మంచిగ చెప్పినవ్," అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి తల్లిదండ్రుల ఫోన్లు.

"మా వాడికి ఉర్దూ కావాల మేడం," అన్నాడు కడప నుంచి వచ్చి ఇక్కడ కారు తోలుకుంటున్న దస్తగిరి.

"ఆ పీరియడ్‌లో ఇస్లామిక్ స్టడీస్ ఉంది భాయ్. సర్కారుది, ముట్టుకోలేం. తెలుగులో వెయ్యండి. ఇంట్లో మాట్లాడేదేగా, మార్కులకి ఢోకా ఉండదు."

"అట్టయితే వేసేయండి మేడం. ఏం జేస్తాం."

ఒకరిని చూసి ఒకరు, అందరూ అలాగే అన్నారు. ఆఖర్న నూరైన్ పేరు కూడా తెలుగులోకే వచ్చింది. ఆ వారమంతా సుభాషిణి ఫక్రున్నీసా కార్లోనే ఇంటికి వెళ్ళింది. దారంతా ఫోను చూస్తూ కూర్చుంది. బస్సుకి వెళ్తే మరీ బయటపడిపోతానని ఆమె భయం.

శుక్ర, శనివారాల సెలవు అయిపోయి ఆదివారం బడి తెరవగానే ప్రిన్సిపాల్ ఇద్దర్నీ పిలిచాడు. లోపలికి వెళ్ళబోతూ సుభాషిణి ఫక్రున్నీసా చెయ్యి పట్టుకుంది. "నా చేతుల్లో ఏం లేదక్కా. నమ్ము." ఫక్రున్నీసా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తెలుగుకు ఇరవై అయిదు మంది. ఉర్దూకు ఒక్కరూ లేరు," అన్నాడు రామాంజులు కళ్ళజోడు తీసి బల్లమీద పెడుతూ. "ఇంక ఆలోచించేదేముంది? తెలుగే ఉంటాది."

తన ఉద్యోగం నిలిచిందనుకుంది సుభాషిణి. పెద్దమనసుతో అంది: "అక్క చాలా కష్టపడింది సర్. వేరేచోట పనికొచ్చేట్టు ఒక మంచి సర్టిఫికెట్ రాసివ్వండి."

"ఆమెకెందుకమ్మా సర్టిఫికెట్?" అన్నాడు రామాంజులు. "నీది బీకాం, ఆమెకు ఉర్దూతోనే సరిపోయి, ఇంకో మనిషి దొరక్క ఇన్నాళ్ళు నీతో లాగించినాం. మన స్కూల్లో ఎం.ఏ. తెలుగు చేసింది ఫక్రున్నీసమ్మ ఒక్కతే గదా."